నీలం కుర్చీలో పది నిమిషాలు

పైడమ్మ అడుగంటిన పాలగిన్నెని పీచుతో రుద్దుతోంది. రుద్దుతూనే వంటింటి గోడ మీది గడియారం మీద ఓ కన్నేసి ఉంచింది. పన్నెండయ్యేసరికి కొండవాలులో వాళ్ళ వీధికి కుళాయి వస్తుంది. వచ్చినంత తొందరగానూ పోతుంది. ఆలోగా బిందెలు నింపుకోకపోతే మర్నాటిదాకా ఇంట్లో చుక్క నీళ్ళుండవు. అత్త ఉంది గానీ, ఆవిడ మోకాళ్ళు పట్టేసి చాలా కాలమైంది. బిందె ఎత్తడం ఆవిడ వల్ల కాదు.

"ఆ గిన్నె ఎక్కడికీ పారిపోదులే. రా, కాఫీ చల్లారిపోతోంది," అంది భ్రమరాంబ.

సాగరశోభ అపార్ట్‌మెంట్లలో 302 భ్రమరాంబగారిది. కొడుకూ కోడలూ పొద్దున్నే ఆఫీసులకి వెళ్ళిపోతారు. నిలబడి చాకుతో తరిగిన కూరకి రుచి రాదని ఆవిడ గట్టి నమ్మకం. అందుకని వంటింట్లో నేల మీద కత్తిపీట వాల్చుకుని కూర్చుంటుంది. ఎదురుగా పైడమ్మ ఒక కాలు చాపుకుని కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తుంది. ఎనిమిదేళ్ళుగా ఇదే వరస.

"మీ అత్త మోకాళ్ళు ఎలా ఉన్నాయే?"

"మోకాళ్ళకేటమ్మగోరూ, అలాగే ఉన్నాయి. నోరే రోజురోజుకీ బలం పుంజుకుంతంది."

"మా కోడలు కూడా ఆఫీసులో ఎవరితోనో ఇదే మాట చెబుతూ ఉండి ఉంటుంది," అంది భ్రమరాంబ. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆ నాలుగంతస్తుల భవనంలో పని చేయించుకునే మనిషీ పని చేసే మనిషీ ఒకే ఎత్తులో కూర్చునే చోటు అదొక్కటే. ఆ సంగతి వాళ్ళిద్దరికీ తెలియదు. తెలియనంత కాలం ఏ ఇబ్బందీ లేకుండా జరిగిపోయింది.

ఇలా ఉండగా సాగరశోభకి సమానత్వం వచ్చింది.

రావడానికి కారణం ఎదురు వీధిలోని గిరిశోభ అపార్ట్‌మెంట్లు. నగరంలోని నివాస సంఘాలన్నీ కలిసి పెట్టుకున్న సమాఖ్య ఒకటుంది. అది ఏటా ఒక షీల్డు ఇస్తుంది. కిందటేడు మొక్కల పెంపకంలో ఆ షీల్డు గిరిశోభ కొట్టుకుపోయింది. అప్పట్నించీ సాగరశోభ సంఘం అధ్యక్షుడు సుదర్శనరావుగారికి అన్నం సయించడం లేదు. ఆయన ఇంజనీరింగు శాఖలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైనవాడు. ఉద్యోగం వదిలింది గానీ ఉద్యోగపు భాష వదల్లేదు. ఈ ఏడు షీల్డు 'సమభావ నివాసం' అనే అంశానికని తెలియగానే అత్యవసర సమావేశం పిలిచాడు.

"సభ్యులెల్లరకూ తెలియజేయునదేమనగా, మన ఇండ్లలో సేవలందించు సిబ్బంది మనతో సమానులు. కావున వారిని ప్రతిదినమూ పది నిమిషములకు తగ్గకుండా కుర్చీ మీద కూర్చుండబెట్టవలెను. ఇది విజ్ఞప్తి కాదు, తీర్మానం."

అందరూ చప్పట్లు కొట్టారు. సమానత్వం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. ఆ చప్పట్లు సద్దుమణుగుతుండగా వెనక నించి ఎవరో అడిగారు.

"ఏ కుర్చీ మీదండీ?"

అందరూ ఎవరింటి కుర్చీలు వాళ్ళు తలుచుకున్నారు. భోజనాల బల్ల దగ్గరివి టేకు కుర్చీలు. సోఫాకి మొన్ననే కొత్త గుడ్డ వేయించారు. కంప్యూటరు కుర్చీ పిల్లవాడిది, వాడికి పరీక్షలు. చిటికెలో సమానత్వానికి ఒప్పుకున్న సభ కుర్చీ దగ్గర చీకటిపడేదాకా ఆగిపోయింది. చివరికి సంఘం నిధుల్లోంచి ఇంటికొక ప్లాస్టిక్ కుర్చీ కొనాలని తేల్చారు. తెల్లవి చవగ్గా వస్తాయన్నారు. కార్యదర్శి మాధురీలత ఒప్పుకోలేదు.

"కమ్యూనిటీ హాల్లోవి కూడా తెల్లవే కదండీ. కలిసిపోతే ఏది ఎవరిదో ఎలా తెలుస్తుంది?"

"నిజం. సమానత్వానికి ఒక స్పష్టత ఉండాలి," అన్నాడు సుదర్శనరావు. నీలం కుర్చీలు వచ్చాయి. ఒక్కొక్కదాని వీపు మీద తెల్లరంగుతో 'సమానత్వ ఆసనం – సిబ్బందికి మాత్రమే' అని రాయించారు. దాని స్థానం వెనక బాల్కనీలో, బట్టలు ఉతికే మిషను పక్కన.

మొదటి వారంలోనే 105లో పిల్లవాడొకడు తెలియక ఆ కుర్చీ ఎక్కి రైలాట ఆడాడు. వాళ్ళమ్మ వాడికి తలంటి, బట్టలు మార్చింది. వాడికి జలుబు చేసింది. జలుబుకి సమానత్వం బాధ్యత వహించదని కమిటీ స్పష్టం చేసింది.

పైడమ్మ ఆ భవనంలో నాలుగిళ్ళు చేస్తుంది. అందులో 201 మాధురీలతది. తొలిరోజున మాధురీలత చీపురు లాక్కుని పక్కన పెట్టి ఆమెని నీలం కుర్చీ దగ్గరికి తీసుకెళ్ళింది.

"కూర్చో."

"ఎందుకమ్మగోరూ? నానేటైనా తప్పు సేసినానా?"

"తప్పు కాదు. నువ్వు మాతో సమానం. అందుకని."

"మరి మీరు నిలబడ్డారేటి?"

"నేను ఫోటో తియ్యొద్దూ?"

రోజూ ప్రతి ఇంటి వాళ్ళూ తమ పనిమనిషి కుర్చీలో కూర్చున్న ఫోటో సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. పైడమ్మ పళ్ళు బిగించుకుని కూర్చుంది. ఫోటో తీశాక, పది నిమిషాలయ్యాక, మాధురీలత తడిగుడ్డ అందించింది.

"కుర్చీ తుడిచెయ్. కింద కూడా ఓసారి తడిగుడ్డ పెట్టు."

అలా భ్రమరాంబగారిల్లు తప్ప మిగతా మూడిళ్ళలోనూ కూర్చుని, మూడిళ్ళలోనూ తాను కూర్చున్న చోటు తుడిచి, పైడమ్మ బయటపడేసరికి పన్నెండు కావస్తోంది. పరిగెత్తి ఆటో ఎక్కింది. కుళాయి దగ్గర ఆఖరి బిందె మాత్రం సగమే నిండింది.

కొద్దిరోజులకి మాధురీలతకి ఇంకో ఆలోచన వచ్చింది.

"ఊరికే కూర్చుంటే నీకూ ఏం తోచదు పాపం. ఇదిగో, ఈ వెల్లుల్లి వలుస్తూ కూర్చో."

వెల్లుల్లి అయ్యాక చింతపండు పిక్కలు, ఆ తర్వాత మడత పెట్టాల్సిన బట్టలు. కూర్చుని చేసే పనులు లోకంలో ఇన్ని ఉన్నాయని సాగరశోభ ఆడవాళ్ళకి అప్పుడే తెలిసింది. వాటికి పది నిమిషాలు ఏ మూలకి? కమిటీ తీర్మానాన్ని సవరించి సమానత్వ సమయాన్ని అరగంట చేసింది. 'మా ఇంట్లో పైడమ్మ ముప్పావుగంట కూర్చుంటుంది' అని మాధురీలత గ్రూపులో పెడితే, అభినందనలతో ఫోను వేడెక్కిపోయింది.

ఆ వారంలో పైడమ్మకి కుళాయి రెండుసార్లు తప్పిపోయింది. పక్కింటివాళ్ళని బతిమాలి తెచ్చుకున్న బిందెడు నీళ్ళు గుమ్మంలో దించుతుంటే అత్త మంచం మీంచే అందుకుంది.

"వచ్చినావా మారాణీ! కుర్సీ దిగి మా ఇంటికి రాబుద్దయినాదా?"

"నీకు తెలవదు. ఊరుకోయే."

"నాకు తెలవదు. కూకున్నందుకు జీతమిచ్చే కొంపల గురించి నాకేటి తెలుస్తాది? నీకు జీతం, నాకు దాహం."

ఇక్కడ ఇలా ఉంటే, అక్కడ గ్రూపులోని ఫోటోలు చూసి కమిటీ మరో లోపం పట్టుకుంది. పనివాళ్ళంతా కుర్చీ అంచునే కూర్చుంటున్నారు. ఒకామె అయితే కాళ్ళు రెండూ పైకి ముడుచుకుని కూర్చుంది. కుర్చీ అంచున కూర్చోవడమంటే సమానత్వాన్ని అనుమానించడమేనని సుదర్శనరావు అభిప్రాయపడ్డాడు. ఆదివారం కమ్యూనిటీ హాల్లో శిక్షణ తరగతి పెట్టారు. తెల్ల కుర్చీలన్నిటిలో సభ్యులు కూర్చున్నారు. పనివాళ్ళకి ముందువైపు నేల మీద జంపఖానా పరిచారు. కుర్చీలో ఎలా కూర్చోవాలో వాళ్ళు అక్కణ్ణించి మెడలెత్తి నేర్చుకున్నారు.

వేదిక మీద సుదర్శనరావే స్వయంగా నీలం కుర్చీలో కూర్చుని చూపించాలి. అయితే ఆయన కూర్చోబోయే ముందు దాని మీద తువ్వాలు పరిచారు.

"వెన్ను నిటారుగా ఉండవలెను. ముఖంలో ధీమా కనబడవలెను. అతి ధీమా కూడదు. చూచువారికి మీరు పైకి వచ్చినట్టుండాలి, మా మీదకి వచ్చినట్టుండరాదు. సందేహములేమైనా?"

పైడమ్మ లేచింది. "బాబుగోరూ, ఈ కుర్సీ నాకొద్దండి. ఆ అరగంట నాకొగ్గేత్తే కుళాయికి అందుకుంతానండి."

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. సుదర్శనరావు చెయ్యెత్తి వాటిని ఆపాడు.

"చూడమ్మా. అది నీ హక్కు. నీ హక్కుని వదులుకునే హక్కు నీకు లేదు. ఒకరు వదులుకుంటే రేపు అందరూ వదులుకుంటారు. అప్పుడు షీల్డు ఏమి కావాలి? సమానత్వాన్ని నిరాకరించే సిబ్బందికి గేటు కార్డు రద్దు చేయుటకు కమిటీకి అధికారం కలదు."

గేటు కార్డు లేకపోతే లోపలికి రానివ్వరు. నాలుగిళ్ళూ ఒక్కసారే పోతాయి. పైడమ్మ మళ్ళీ జంపఖానా మీద కూర్చుంది.

బయటికి వస్తుంటే గేటు దగ్గర వాచ్‌మన్ సింహాచలం తన విరిగిన కుర్చీలోంచి అక్క వరస కలిపి పలకరించాడు. "అప్పా, నీకు అరగంటే. నన్ను తెల్లారినకాడ్నించీ రాత్రిదాకా కుర్సీలోనే కూకోబెడతన్నారు. నానెంత సమానమో సూడు!"

"నీ మొకం. నువ్వు లేచి సెల్యూట్ కొట్టీ దానికి కూకుంతావు," అంది పైడమ్మ.

302 నించి మాత్రం గ్రూపులో ఒక్క ఫోటో కూడా రాలేదు. సుదర్శనరావూ మాధురీలతా తనిఖీకి వచ్చారు. తలుపు తీసే ఉంది. వంటింట్లో నేల మీద భ్రమరాంబా పైడమ్మా ఎదురెదురుగా ఉన్నారు. బాల్కనీలో నీలం కుర్చీ మీద పళ్ళెంలో గుమ్మడి వడియాలు ఎండుతున్నాయి.

"ఏమిటండీ ఇది?" అన్నాడు సుదర్శనరావు.

"బీరకాయ. పప్పులో వేద్దామని," అంది భ్రమరాంబ.

"అది కాదండీ. మీరు, ఈమె, నేల మీద..."

"ఇద్దరం నేల మీదే కదండీ. అంటే సమానమే కదా?"

"సమానమే. కానీ కింది సమానం," అన్నాడాయన, వెర్రివాళ్ళకి చెప్పినంత ఓపిగ్గా. "తీర్మానం ప్రకారం వారిని పైకి తేవలెను. మనం కిందికి దిగడానికి అందులో ఏర్పాటు లేదు. అందరూ మీలాగే దిగడం మొదలుపెడితే, ఇక పైన ఎవరుంటారు వారిని పైకి లాగడానికి?"

మాధురీలత వడియాల పళ్ళెం ఫోటో తీసుకుంది. మర్నాడు 302కి సంజాయిషీ నోటీసు వచ్చింది.

సరిగ్గా ఆ వారమే సమాఖ్య వాళ్ళు పరిశీలనకి ఏ ఇంటికి రావాలో లాటరీ తీశారు. 302 వచ్చింది. మాధురీలతకి కళ్ళు తిరిగాయి. కమిటీ మొత్తం భ్రమరాంబ ఇంటి మీద పడింది.

"అమ్మా, భవనం పరువు మీ చేతుల్లో ఉంది. అతిథి ఉన్నంతసేపూ ఏ మాటకీ అడ్డు చెప్పకండి," అన్నాడు సుదర్శనరావు. పైడమ్మ వైపు తిరిగి, "నువ్వు అసలు నోరు విప్పకు. అంతా సవ్యంగా జరిగితే పన్నెండులోపల పంపించేస్తాను. ఏమైనా తేడా వచ్చిందో, కార్డు ఇచ్చేసి వెళ్ళిపోవడమే," అన్నాడు.

పరిశీలన రోజున పైడమ్మ తన పెట్టెలోని మంచి చీర కట్టుకునే వచ్చింది. మాధురీలత ఎగాదిగా చూసి పెదవి విరిచింది.

"ఇందులో నువ్వు పైకి వచ్చినట్టు కనబడవు. భ్రమరాంబగారూ, మీదేదైనా ఇవ్వండి."

భ్రమరాంబ తన వెంకటగిరి జరీచీర ఇచ్చింది. మాధురీలతే దగ్గరుండి కుచ్చిళ్ళు సర్దింది, తలలో పూలు పెట్టింది. పైడమ్మ గిన్నెల దగ్గరికి పోబోతే కెవ్వుమని అరిచింది. చీర పాడవుతుంది, ఏ పనీ ముట్టుకోకూడదు. నీలం కుర్చీ కడిగి హాల్లోకి తెచ్చారు గానీ, అతిథి వచ్చేదాకా దాని మీద కూర్చుంటే మాసిపోతుంది. అందుకని, అంతవరకూ సోఫాలో కూర్చోమన్నారు. ఇంటిపని మాత్రం ఆగదు కదా. భ్రమరాంబే పాతచీర కొంగు బొడ్లో దోపుకుని, అంట్లు తోమి, ఇల్లు తుడిచి, చెమటలు కారుతుండగా వంటింట్లో ఆనపకాయ తరగడానికి కూర్చుంది.

పదకొండుకి రావలసిన అతిథి పదకొండున్నరకి వచ్చింది. పేరు ఇందుమతీదేవి. అట్టడుగు వర్గాల మనసు చదవడంలో ఆమెని మించినవాళ్ళు లేరని సుదర్శనరావు మెట్ల మీదే పొగుడుతూ తీసుకొచ్చాడు. ఆమె లోపలికి అడుగుపెట్టి, సోఫాలోని జరీచీరని చూసి, రెండు చేతులూ జోడించింది.

"నమస్కారమండీ. ఇల్లు చూస్తేనే మీ సంస్కారం తెలుస్తోంది."

పైడమ్మ లేచి చేతులు జోడించింది. నోరు విప్పలేదు. సుదర్శనరావు నోరు తెరిచేలోపల ఇందుమతీదేవి వంటింటి గుమ్మంలో ఉంది.

"అయ్యో! ఇంకా నేల మీదేనా?" అందామె. "లే పిచ్చితల్లీ, లే. నీ కుర్చీ ఏదీ?"

భ్రమరాంబ కత్తిపీట మడిచి లేచింది. "నేనండీ, నేను ఈ ఇంటి..."

"తెలుసమ్మా, ఈ ఇంటి మనిషివే. అలాగే అనుకోవాలి," అని ఇందుమతీదేవి ఆవిడ భుజం తట్టింది.

మాధురీలత అధ్యక్షుడి వైపు చూసింది. అధ్యక్షుడు తన ఉద్యోగ జీవితాన్నంతా ఒక్కసారి తలుచుకున్నాడు. తనిఖీకి వచ్చినవాళ్ళని మీరు పొరబడ్డారని అన్న రోజు అందులో ఒక్కటీ లేదు. షీల్డు కళ్ళ ముందు మెరిసింది. ఆయనే స్వయంగా నీలం కుర్చీ ముందుకు లాగాడు.

"కూర్చో అమ్మా. భయపడకు," అన్నాడు భ్రమరాంబతో. "కాస్త బిడియం ఎక్కువండీ ఈమెకి."

ఎనిమిదేళ్ళు పైడమ్మకి ఎదురుగా నేల మీద కూర్చున్న భ్రమరాంబ ఆ కుర్చీ మీద ఎప్పుడూ కూర్చోలేదు. కాలుతున్న పెనం మీద కూర్చుంటున్నట్టు, అంచున ఆనీ ఆనకుండా కూర్చుంది. ఇందుమతీదేవి పైడమ్మని కూడా కూర్చోమని, తనూ సోఫాలో కూర్చుంది.

"చూశారా, అంచునే కూర్చుంది. వీళ్ళ రక్తంలోనే ఉంటుందిది," అంది ఇందుమతీదేవి. "వెనక్కి జరుగు. ఆఁ, అలా. ఇప్పుడు చెప్పు, మీ ఆయన తాగుతాడా?"

"ఆయన పోయి ఆరేళ్ళయింది."

"తాగి పోయాడన్నమాట," అని ఇందుమతీదేవి నిట్టూర్చింది. ఆయన హైస్కూలు హెడ్మాస్టరు. టీ కూడా తాగేవాడు కాదు. "పిల్లల్నయినా బడికి పంపావా, పనికి పెట్టావా?"

"మా అబ్బాయి ఇంజనీరండీ."

ఇందుమతీదేవి కళ్ళు చెమర్చాయి. పైడమ్మ వైపు తిరిగింది. "విన్నారా, పాపం! అబద్ధమైనా ఎంత ముచ్చటగా ఉందో. ఆశ ఉండాలండీ వీళ్ళకి. ఆశే లేకపోతే చేతివాటం మొదలవుతుంది."

పైడమ్మ గడియారం వైపు చూసింది. ఆమె మౌనం ఇందుమతీదేవికి ఎంతో నచ్చింది. పెద్దింటివాళ్ళే అంత తక్కువ మాట్లాడతారని మాధురీలతతో మెల్లగా అంది.

"కాఫీ ఇస్తారా నీకు?"

"ఇస్తారు," అంది భ్రమరాంబ.

"వాళ్ళు తాగే గ్లాసులోనేనా?"

భ్రమరాంబ చూపు వంటింటి వైపు పోయింది. వంటింటి కిటికీ ఊచల దగ్గర, మిగతా గిన్నెలకి దూరంగా, ఒక స్టీలు గ్లాసు బోర్లించి ఉంది. రోజూ తనే అందులో పోస్తుంది. తాగాక పైడమ్మ కడిగి అక్కడే బోర్లిస్తుంది. ఎనిమిదేళ్ళలో ఇద్దరూ లోకంలో ఉన్న సంగతులన్నీ మాట్లాడుకున్నారు గానీ, ఆ గ్లాసు గురించి ఒక్కసారీ మాట్లాడుకోలేదు.

"చెప్పు, పరవాలేదు. అమ్మగారు ఏమీ అనరు," అంది ఇందుమతీదేవి.

భ్రమరాంబ తలెత్తి పైడమ్మ ముఖంలోకి చూసింది. పైడమ్మ ముఖంలో కోపం లేదు. జాలీ లేదు. జవాబు తెలిసిన ప్రశ్నే కాబట్టి ఆత్రం కూడా లేదు.

"వేరే గ్లాసు," అంది భ్రమరాంబ. ఆ గొంతు ఆవిడకే కొత్తగా వినబడింది.

"ఇదండీ!" ఇందుమతీదేవి సుదర్శనరావు వైపు తిరిగింది. "గ్లాసులు చిన్న విషయాలు, వాటి జోలికి మనం పోవద్దు. ఆచారాలు ఎవరివి వారికుంటాయి. కానీ ఈమెలో ఆ కుంగుబాటు చూశారా? దానికి ఒకటే మందు. అరగంట చాలదు, రోజుకి గంట కూర్చోబెట్టండి. రేపట్నించే మొదలుపెడతామంటే షీల్డు మీదే. నగరమంతటికీ మీ కుర్చీనే నమూనాగా పంపిస్తాం."

"తీర్మానం అయిపోయిందనుకోండి!" అన్నాడు సుదర్శనరావు. మాధురీలత చప్పట్లు కొట్టింది.

గడియారం పన్నెండుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. పైడమ్మ సోఫాలోంచి లేచింది. జరీచీర గరగరలాడింది.

ఆమె లేవగానే ఇందుమతీదేవి కూడా మర్యాదగా లేచి నిలబడింది. అతిథి లేచింది కాబట్టి మాధురీలత కూడా గబుక్కున పక్కకి తప్పుకుని దారిచ్చింది. సుదర్శనరావుకి ఏం చెయ్యాలో తోచలేదు. చేతులు మాత్రం అలవాటు చొప్పున ముందుకెళ్ళి తలుపు తీసి పట్టుకున్నాయి.

"పైడమ్మా!" అంది భ్రమరాంబ.

"ఆహా! యజమానురాలిని పేరు పెట్టి పిలుస్తోంది!" ఇందుమతీదేవి పొంగిపోయింది. "ఇదండీ నేను చూడాలనుకున్నది. దీనికి వేరే మార్కులు వేస్తాను."

భ్రమరాంబ లేవబోయింది. ఇందుమతీదేవి ఆవిడ భుజం మీద చెయ్యేసి, ప్రేమగానే, మళ్ళీ కుర్చీలోకి నొక్కింది.

"నువ్వు కూర్చోమ్మా. నీకింకా టైముంది."

పైడమ్మ గుమ్మం దాటింది. కుచ్చిళ్ళు ఒక చేత్తో పైకి పట్టుకుని, మరో చేత్తో తలలో పూలు తీసి సుదర్శనరావు చేతిలో పెట్టి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.